కంప్యూటర్లో ర్యామ్ (మెమరీ చిప్‌లుండే చిన్న పలక) మార్చేటప్పుడు రబ్బరు చెప్పులు వేసుకుంటే స్టాటిక్ (రాపిడి వల్ల ఒంట్లో చేరే విద్యుత్తు) నుంచి రక్షణ ఉంటుందా?

ఉండదు, పైగా ఒంట్లో చేరిన స్టాటిక్ ఛార్జ్ నేలలోకి పోకుండా రబ్బరే అడ్డుపడుతుంది. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచినా, పాలిస్టర్ చొక్కా ఒంటికి రాసుకున్నా మన మీద వేల వోల్టుల ఛార్జ్ చేరొచ్చు, గాలి పొడిగా ఉండే చలికాలంలో, ఏసీ గదిలో ఇది మరీ ఎక్కువ. దాదాపు 3000 వోల్టులుంటే గానీ మన వేలికి చురుక్కుమనదు, కొన్ని చిప్‌లకేమో వంద వోల్టులు కూడా ఎక్కువే. కాబట్టి 'నాకు షాక్ కొట్టలేదుగా' అని ధీమా పడొద్దు. దెబ్బతిన్న చిప్ అప్పటికప్పుడే పోవాలనీ లేదు, కొన్నాళ్లు బాగానే పనిచేసి తర్వాత మొరాయించొచ్చు.

ఉదాహరణకు ర్యామ్ మారుస్తున్నారనుకోండి: కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకేసి, కేబినెట్ లోపల రంగు వెయ్యని ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకోండి, దాంతో మీకూ దానికీ మధ్య వోల్టేజ్ తేడా పోతుంది. కొత్త ర్యామ్‌ని కవర్లోంచి తీసేముందు మళ్లీ ముట్టుకుని, అంచులు పట్టుకునే తీయండి, బంగారు రంగు కాంటాక్టుల మీద వేలు పడనివ్వకండి. యాంటీస్టాటిక్ రిస్ట్ స్ట్రాప్ (ఒంట్లోని ఛార్జ్‌ని వైరు ద్వారా పంపేసే మణికట్టు పట్టీ) ఉంటే ఇంకా మంచిది, దాని క్లిప్పుని ఆ ఇనుముకే తగిలించాలి.

చెప్పుల నమ్మకం ఇంట్లో కరెంటు పనుల నుంచి వచ్చింది. అక్కడ కరెంటు మన ఒంట్లోంచి నేలలోకి పోకూడదు, ఇక్కడ ఛార్జ్ పోవాలి.