వేసవిలో షామొనీ వెళ్తే ఏం చేస్తాం? స్కీయింగ్ లేనప్పుడు వెళ్ళడం దండగా?

మీరు అడిగినవి మూడు. జులైలో అత్తయ్యగారు, మామయ్యగారు, పదేళ్ళ బాబుతో ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల మధ్యనున్న షామొనీ వెళ్తే స్కీయింగ్ ఉండదు కదా, డబ్బు దండగేనా? మూడు రోజులు అక్కడ ఏం చేయాలి? స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావు కూడా అనుకుంటున్నాం, రెండూ అవసరమా? నేను జెనీవాలో ఉంటాను. ఇండియా నుంచి చుట్టాలు ఎండాకాలంలో వస్తే ముందుగా తీసుకెళ్ళేది షామొనీకే. రోడ్డున గంటంబావు ప్రయాణం, బస్సులు కూడా ఉన్నాయి.

దండగ అసలే కాదు. స్కీయింగ్ రాని కుటుంబానికి చలికాలంలోనే అక్కడ తోచదు. పొద్దు త్వరగా కుంకుతుంది, నడక దారులు మంచులో కూరుకుపోతాయి, రోడ్డు మీద కాలు జారుతుందేమోనని పెద్దవాళ్ళు హోటల్ గది దాటరు. జులైలో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది. పైగా ఆ ఊరికి పేరొచ్చిందే వేసవి వల్ల. 1741 జూన్‌లో విండమ్, పొకాక్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు అక్కడి హిమానీనదాలు (గ్లేసియర్లు, అంటే నెమ్మదిగా జారే మంచు నదులు) చూసి వెళ్ళి రాసిన రాతలతోనే బయటి ప్రపంచానికి ఈ లోయ తెలిసింది. 1786 ఆగస్టు 8న ఆ ఊరివాళ్ళే ఇద్దరు, బల్మా, పకార్, ఆల్ప్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన మాంట్ బ్లాంక్ శిఖరం మొదటిసారి ఎక్కారు. కొండలెక్కించే గైడ్ల సంఘం 1821 నాటిది. మొదటి వింటర్ ఒలింపిక్స్ అక్కడ జరిగింది 1924లో. అంటే స్కీయింగ్ హడావుడి అంతా ఆ తర్వాతదే.

మీలాంటి వాళ్ళకి అసలు లాభం వేరే ఉంది. చలికాలంలో స్కీ చేసేవాళ్ళను మోసే కేబుల్ కార్లు, గొండోలాలు (తీగ మీద వరసగా నడిచే చిన్న పెట్టెలు) వేసవిలో మామూలు జనాన్ని మోస్తాయి. మోకాళ్ళు నొప్పులున్న అత్తయ్యగారు కూడా ఒక్క మెట్టు ఎక్కకుండా రెండు వేల మీటర్ల ఎత్తున కూర్చుని టీ తాగొచ్చు. అందుకే నేను పాటించే పద్ధతి ఒకటే: రోజుకి ఒక్క ఎత్తు, అదీ పొద్దున్నే, మధ్యాహ్నం నుంచి ఊళ్ళో. ఒకే రోజు అన్నీ చుట్టేసే ప్యాకేజీ టూర్లలో సగం సమయం లైన్లలోనే పోతుంది, ఆ తర్వాత ఏ కొండ ఏదో కూడా గుర్తుండదు.

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక హెచ్చరిక. మన స్కూళ్ళకు సెలవులు ఏప్రిల్ చివర్నుంచి జూన్ రెండో వారం వరకు. ఆల్ప్స్‌లో మే నెల అంటే స్కీయింగ్ అయిపోయి, వేసవి ఇంకా మొదలవని సందు. చాలా లిఫ్టులు, అంటే ఈ కేబుల్ కార్లూ గొండోలాలూ, రిపేర్లకు మూసేస్తారు, పై దారుల్లో మంచు కరగదు, ఊళ్ళో సగం హోటళ్ళకు తాళాలే. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య వరకు అన్నదే అక్కడి వేసవి. పిల్లల సెలవులతో ముడిపెట్టక తప్పకపోతే, జూన్ మొదటి వారంలో ఏ లిఫ్టు నడుస్తోందో చూసుకున్నాకే టికెట్లు తీసుకోండి.

మొదటి రోజు ఆకాశం తేటగా ఉంటే ఎగ్వీ ద్యు మిదీ. 1955 నుంచి నడుస్తున్న కేబుల్ కారు ఇది. ఊరు 1035 మీటర్ల దగ్గర, మధ్య స్టేషన్ 2317 దగ్గర, పై స్టేషన్ 3777 దగ్గర. రెండో విడతలో మధ్యలో ఒక్క స్తంభం ఉండదు. తీగ మీదే నిటారు గోడ పక్కనుంచి పైకి లాగుతుంది, అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్న వాళ్ళంతా ఒక్కసారి నోరు మూసుకుంటారు. పైన కొండలోపల తొలిచిన లిఫ్టు 3842 మీటర్ల దగ్గరున్న డాబా మీదికి చేరుస్తుంది. ఎదురుగా మాంట్ బ్లాంక్, కింద తాడు కట్టుకుని వరసగా మంచు మీద నడిచే మనుషులు. బాబుకు నచ్చేది మాత్రం గాజు గదే. కాళ్ళకు మెత్తటి చెప్పులు తొడిగి లోపలికి పంపుతారు, నేల కూడా గాజే, కింద దాదాపు వెయ్యి మీటర్ల లోతు. మా పిన్ని చీర మీద స్వెటర్, స్పోర్ట్స్ షూస్‌తో అందులోకి వెళ్ళి నిమ్మళంగా ఫోటో దిగింది. బాబాయి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఎవరికి భయమో ముందుగా చెప్పలేం.

టికెట్ గురించి జాగ్రత్త. తిరుమల స్లాట్ దర్శనం లాంటిదే వ్యవహారం: టికెట్ ఉంటే చాలదు, ఫలానా టైమ్ అని రిజర్వేషన్ ఉండాలి. లిఫ్టులన్నిటికీ కలిపి ఇచ్చే పాస్ తీసుకున్నా దీనికి విడిగా టైమ్ బుక్ చేసుకోవాలి. ఎనిమిది లోపు స్లాట్ తీసుకోండి. ఆల్ప్స్‌లో జులై మధ్యాహ్నాల్లో ఉరుములు, మెరుపులు మామూలే, మబ్బు కమ్మిందంటే పైన తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. బయల్దేరే ముందు పై స్టేషన్ వెబ్‌క్యామ్ చూడండి. ఊళ్ళో మబ్బుగా ఉండి పైన ఎండ కాసే రోజులుంటాయి, దానికి తలకిందులుగా కూడా ఉంటాయి.

పెద్దవాళ్ళ విషయం. ఇరవై నిమిషాల్లో 2700 మీటర్లు ఎక్కేస్తున్నారు, గాలి పలచబడుతుంది. రెండు మెట్లెక్కినా ఊపిరి అందదు, కొందరికి తల తిరుగుతుంది. గుండె జబ్బు, బీపీ ఉంటే ఇండియాలో బయల్దేరేముందే డాక్టర్‌ని అడగండి. నేనైతే పెద్దవాళ్ళను మధ్య స్టేషన్‌లో కాసేపు కూర్చోబెట్టి, బాగుందంటేనే పైకి తీసుకెళ్తాను, పైన గంట మించి ఉంచను. ఇక చలి. వంద మీటర్లకు సుమారు అర డిగ్రీ పైచిలుకు తగ్గుతుందనుకోండి, ఊళ్ళో టీషర్ట్ వాతావరణమైనా పైన పొద్దున్నే సున్నా దగ్గర ఉంటుంది, గాలి ఒకటి తోడు. స్వెటర్, టోపీ, చలువద్దాలు అందరికీ ఉండాలి. చలువద్దాలు స్టైల్‌కి కాదు, మంచు మీద ఎండ కళ్ళను నిజంగానే దెబ్బతీస్తుంది.

మామయ్యగారి వయసువాళ్ళకు ఆ కొండ పేరు వినగానే ఇంకో సంగతి గుర్తొస్తుంది. 1966 జనవరి 24న ఎయిర్ ఇండియా వారి ‘కాంచనజంగ’ బోయింగ్ విమానం ఈ మాంట్ బ్లాంక్ మీదే కూలింది. అణు శాస్త్రవేత్త హోమీ భాభాతో సహా 117 మందీ పోయారు. అంతకుముందు 1950 నవంబర్‌లో ‘మలబార్ ప్రిన్సెస్’ అనే ఎయిర్ ఇండియా విమానం కూడా అదే కొండ మీద కూలింది. ఆ శకలాలను హిమానీనదం మింగేసి, నెమ్మదిగా కిందికి మోసుకొస్తోంది. 2012లో మన ప్రభుత్వపు దౌత్య ఉత్తరాల సంచి ఒకటి దొరికింది, 2020లో 1966 నాటి ఇండియా పేపర్లు బయటపడ్డాయి. అవి దొరికిన బోసోన్ హిమానీనదం ఊళ్ళోంచే కనిపిస్తుంది, వీధిలో నిలబడి కొండవైపు చూస్తే అడవిలోకి దిగే తెల్లటి నాలుక అదే. అది చూపించి ఈ కథ చెప్పినప్పుడు మా నాన్న చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. అంతకుముందు ఏ కేబుల్ కారూ ఆయన్ని అంత కదిలించలేదు.

రెండో రోజు మోంతన్‌వేర్ రైలు. 1908లో మొదలైన పళ్ళ చక్రాల రైలు, ఎర్రటి పెట్టెలు, ఇరవై నిమిషాల్లో 1913 మీటర్లకు చేరుస్తుంది. అక్కడ కింద కనిపించేది మెర్ ద గ్లాస్, ఫ్రాన్స్‌లో అతి పెద్ద గ్లేసియర్. ముందే చెప్తున్నా, స్టేషన్ దగ్గర చూడగానే ‘ఇదేనా’ అనిపిస్తుంది. బూడిదరంగు రాళ్ళు కప్పిన మంచు, అదీ ఎక్కడో లోతున. ఒకప్పుడు మంచు స్టేషన్ దాపుల దాకా ఉండేది. 1988లో స్టేషన్ నుంచి కిందికి గొండోలా వేసినప్పుడు దాన్నుంచి మంచు వరకు కొద్ది మెట్లు దిగితే చాలేది, తర్వాత మంచు తగ్గే కొద్దీ మెట్లు పెంచుకుంటూ పోయి ఐదు వందలు దాటించారు. చివరికి 2024లో గ్లేసియర్ పైభాగానికి కొత్త గొండోలా వేశారు. గ్లేసియర్ కదులుతూనే ఉంటుంది కాబట్టి జనం లోపలికెళ్ళి చూసేందుకు అందులో తొలిచే మంచు గుహను కూడా మళ్ళీ మళ్ళీ తవ్వుతారు. బాబుకి వాతావరణ మార్పు అంటే ఏమిటో చెప్పడానికి ఏ క్లాసూ అక్కర్లేదు అక్కడ.

ఆ రోజు మీరిద్దరూ బాబుతో నడవగలిగితే ఒక ఏర్పాటు చెప్తాను, మా ఇంట్లో బాగా కుదిరింది. మీరు పొద్దున్నే ఎగ్వీ ద్యు మిదీ కేబుల్ కారులో మధ్య స్టేషన్ వరకే వెళ్ళి, అక్కణ్ణుంచి మోంతన్‌వేర్‌కి నడవండి. కొండ నడుమున పోయే దారి, ఎక్కువ భాగం వాలుగా దిగడమే, రెండున్నర గంటలు వేసుకోండి. రాళ్ళ మధ్య మార్మోట్‌లు అనే పెద్ద ఉడతల్లాంటి జంతువులు ఈలవేసినట్టు అరుస్తుంటాయి, పిల్లలు నడక మరిచిపోతారు. పెద్దవాళ్ళు తీరిగ్గా టిఫిన్ చేసి రైల్లో పైకి వస్తారు. అందరూ పైన కలుసుకుని భోంచేసి కలిసి రైల్లో దిగొచ్చు. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకుండా ఎక్కడ, ఎన్నింటికి అన్నది ముందే అనుకోండి.

మూడో రోజు లోయకు అవతలి వైపు, ఫ్లెజేర్. అందరూ ఎగ్వీ ద్యు మిదీ గురించే చెప్తారు గానీ, నన్నడిగితే మాంట్ బ్లాంక్ అందం ఇటువైపు నుంచే. అంత దగ్గరికెళ్తే కొండ మొత్తం ఒకేసారి కనిపించదు కదా. గొండోలా దిగిన చోటే కుర్చీలు, కాఫీ, ఎదురుగా పర్వతశ్రేణి మొత్తం. పెద్దవాళ్ళు అక్కడే మధ్యాహ్నం వరకు ఉండిపోతామంటారు. ఓపికున్నవాళ్ళు లాక్ బ్లాన్ అనే చెరువుకు ఎక్కొచ్చు, 2352 మీటర్ల దగ్గర. ఫ్లెజేర్ నుంచి దాదాపు ఐదు వందల మీటర్ల ఎక్కుడు, బాబుతో అయితే రెండు గంటలు పైనే పడుతుంది. జులై మొదట్లో చెరువులో మంచు ముక్కలు తేలుతుండొచ్చు, దారిలో మంచు మేటలూ ఉండొచ్చు. షూస్ గట్టివి కావాలి, చెప్పులతో వద్దు. రెండింటికల్లా కిందికి దిగడం మొదలుపెట్టండి.

మధ్యాహ్నాలకు ఊళ్ళో పని వెతుక్కోనక్కర్లేదు. మోంతన్‌వేర్ రైలు బయల్దేరే కింది స్టేషన్ పక్కనే పట్టాల మీద జారే బండి, లూజ్ అంటారు, బాబు ఒక్కసారితో ఆపడు. గయాన్ చెరువు ఒడ్డున పచ్చికలో కూర్చుంటే నీళ్ళలో మాంట్ బ్లాంక్, పక్కన బండల మీద తాళ్ళతో ఎక్కడం నేర్చుకునే పిల్లలు. వాన పడితే స్ఫటికాల మ్యూజియం, లేదంటే స్విమ్మింగ్ పూల్. శనివారం అయితే పొద్దున సంతలో చీజ్, పళ్ళు. జులైలో క్లైంబింగ్ వరల్డ్ కప్ ఊరి నడిబొడ్డున జరుగుతుంది, చూడ్డానికి పైసా ఇవ్వక్కర్లేదు. ఆగస్టు చివరి వారం మాత్రం వద్దు. యూటీఎంబీ అని మాంట్ బ్లాంక్ చుట్టూ సుమారు 170 కిలోమీటర్ల పరుగు పందెం, పరుగులంటే పిచ్చి ఉన్నవాళ్ళకు పండగే, మిగతావాళ్ళకు గది దొరకదు.

హోటల్ వాళ్ళను గెస్ట్ కార్డు అడగండి, దాంతో లోయలోని బస్సులు, లోకల్ రైలు ఉచితం. కారు అవసరమే రాదు. లిఫ్టులకు మాంట్ బ్లాంక్ మల్టీపాస్ అని ఉంది. ఒక్క ఎగ్వీ ద్యు మిదీకే రానుపోను 70 యూరోలు పైన అవుతుంది కాబట్టి, నేను చెప్పినట్టు మూడు రోజులూ పైకెళ్తే పాసే గిట్టుబాటు. అత్తయ్యగారికి కూడా అదే పాస్ కొనాలా అన్నది ఆవిడ ఎన్నిసార్లు పైకొస్తారో చూసి లెక్కేసుకోండి.

తిండి సంగతి మీరు అడగలేదు గానీ చెప్పాలి. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. శాకాహారులైతే తార్తిఫ్లెట్ అనే ఆలుగడ్డ-చీజ్ వంటకం చూసి మోసపోవద్దు, అందులో పందిమాంసం ముక్కలు వేస్తారు. చీజ్ ఫాండ్యూలో వైన్ పోస్తారు. పట్టింపు బాగా ఉన్నవాళ్ళయితే అక్కడి చీజ్‌లు చాలావరకు దూడ పొట్టలోంచి తీసిన, పాలను గడ్డకట్టించే రెనెట్‌తో చేస్తారని కూడా తెలియాలి. మా అమ్మ పులిహోర, మజ్జిగ మీదే నడిపించింది, చివర్లో నేరేడు రంగు మిర్తీ పళ్ళ టార్ట్ ఒక్కటే మళ్ళీ అడిగి తిన్నది. ఊళ్ళో కొళాయిల నీళ్ళు చక్కగా తాగొచ్చు, బాటిళ్ళు కొనకండి.

ఇక యుంగ్‌ఫ్రావు. అక్కడి స్టేషన్ 3454 మీటర్ల దగ్గర. చాలాభాగం సొరంగంలో పోయే రైలు, పైన ఇండియన్ రెస్టారెంట్ కూడా ఉంది. గాలి తగలకుండా కూర్చుని వెళ్ళాలనుకునే పెద్దవాళ్ళకు అదే సుఖం. ఎత్తు, లోతు కళ్ళారా చూడాలంటే షామొనీ. పెద్దవాళ్ళలో ఎవరికైనా కేబుల్ కారంటే ఒళ్ళు వణికేంత భయం ఉంటే యుంగ్‌ఫ్రావుకి వెళ్ళి షామొనీ మానేయండి. లేకపోతే షామొనీ ఒక్కటే చాలు, రెండోదానికి పెట్టే డబ్బుతో బాబుకీ మీకూ పారాగ్లైడింగ్ చేయించండి. పైలట్ మిమ్మల్ని తన ముందు కట్టుకుని ఎగురుతాడు, గాలి సరిగా లేకపోతే వాళ్ళే రద్దు చేస్తారు, కాబట్టి చివరి రోజుకి కాకుండా మొదటి రోజుకి బుక్ చేసుకోండి.