కుక్క కంటి పుండుకు నిల్వ చేసిన మాయ పొర అతుకుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఉండి మండలం. చేపల చెరువు కాపలాకు నాలుగేళ్ల నాటు కుక్క ఉంది, టామీ అంటాం. దాళ్వా నూర్పిళ్లప్పుడు దాని కంట్లో ఏదో పడింది. కన్ను తెరవలేక నీరు కారుస్తుంటే, మా అమ్మ శుక్లం ఆపరేషన్‌కి తెచ్చిన చుక్కలు మిగిలుంటే వారం రోజులు వేశాను. మొదట ఎరుపు తగ్గింది, తర్వాత గుడ్డంతా తెల్లబడింది. పుండు లోతుగా దిగిందని, నిల్వ చేసిన మాయ పొర కుట్టించవచ్చని మా పశువుల డాక్టర్ గారు అంటున్నారు. ఎక్కడిదో పొర మా కుక్క కంటికి అంటుకుంటుందా? రెండు రోజులుగా తెలుపు మధ్యలో నల్లచుక్క తేటగా కనిపిస్తోంది, తగ్గుతున్నట్టే ఉంది. ఇంకో వారం చూడొచ్చా?

జవాబు: ఆ నల్లచుక్క మాట చూసే మీ ప్రశ్న ముందు తీసుకున్నాను. వారం కాదు, ఒక్క రోజు కూడా ఆగొద్దు.

కుక్క కంటి మీద అద్దంలా ఉండే కార్నియా మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. పుండు దాన్ని తొలుచుకుంటూ పోతే చివరికి అడుగున పల్చటి పొర ఒక్కటే మిగులుతుంది. అది తేటగా ఉండబట్టి వెనకున్న నలుపు కనిపిస్తుంది. చూసేవాళ్లు నయమవుతోందని సంబరపడతారు. ఫ్లోరెసిన్ రంగు వేస్తే పుండు పచ్చగా మెరుస్తుంది, ఈ అడుగు పొర మాత్రం రంగు పట్టదు. చుట్టూ పచ్చ, నడుమ నలుపు ఉంటే ఇక ఒక్కసారి గట్టిగా గోక్కున్నా కన్ను చిల్లు పడొచ్చు.

మీరు వేసిన చుక్కల సీసా మీద ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అని ఉందేమో చూడండి. శుక్లం ఆపరేషన్ తర్వాత మనుషులకు ఇచ్చే వాటిలో ఇలాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. ఎరుపు తగ్గించడం, పుండు మానకుండా ఆపడం, రెండూ వాటి పనే. పైపై పుండు సరైన మందు పడితే సుమారు వారంలో మానుతుంది. స్టెరాయిడ్ పడ్డాక సూక్ష్మజీవులు చేరితే కార్నియా జావలా కరిగిపోతుంది. మిమ్మల్ని తప్పుపట్టడం కాదు, చదువుకున్న ఇళ్లలోనూ చేసే పొరపాటే ఇది.

ఇక పొర సంగతి. ఆరోగ్యంగా ఉన్న ఆడకుక్కకు సిజేరియన్ చేసినప్పుడు పిల్లల చుట్టూ ఉన్న ఉమ్మనీటి సంచి పొరను శుభ్రంగా తీసుకుంటారు. మాయ పొర అంటే ఇదే. యాంటీబయాటిక్ కలిపిన సెలైన్‌లో కడిగి గ్లిజరిన్‌లో గానీ, మైనస్ 80 డిగ్రీల చలిలో గానీ దాస్తారు. అందులో బతికున్న కణాలు మిగలవు. అలా ఉండటమే మనకు మేలు. కణాలుంటేనే కదా ఒళ్లు పరాయిదని తిరగబడేది! మిగిలేది ముఖ్యంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల వల. మీ దొడ్లో దొండపాదు పందిరి మీదకు పాకినట్టు, కుక్క సొంత కణాలు ఆ వల పట్టుకుని పుండు మీదకు పాకుతాయి. పొర వాపునూ తగ్గిస్తుంది. పంది చిన్నపేగు లోపలి పొర, ఎద్దు గుండె సంచి పొర కూడా ఇలాగే శుద్ధి చేసి వాడుతున్నారు.

ఆపరేషన్‌కి పూర్తి మత్తు ఇస్తారు. చచ్చిన భాగం తీసేసి, పొరను పుండు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా కత్తిరించి, మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. కొన్ని వారాల్లో ఆ పొర కరిగి కంటిలో కలిసిపోతుంది.

కానీ ఈ పొరలో రక్తనాళాలు లేవు. కార్నియా కరిగిపోతుంటే రెప్ప వెనకున్న కుక్క సొంత కంజంక్టైవాను (కంటి తెల్లగుడ్డునూ రెప్ప లోపలి వైపునూ కప్పే పల్చటి పొర) జరిపి కుట్టడమే గట్టి దారి. అది రక్తాన్ని వెంట తెస్తుంది. మచ్చ మాత్రం ముదురుగా మిగులుతుంది. మీ టామీకి ఒక్కోసారి రెండూ కలిపి వేయాల్సి రావచ్చు. కన్ను నిలిచినా కాస్త పువ్వు మిగలడం మామూలే. చెరువు కాపలాకు అదేం అడ్డు కాదు.

వెళ్లేలోగా కంటి మీద నొక్కొద్దు, పసర్లు పిండొద్దు, ట్యూబ్ మందు పూయొద్దు. పాత బకెట్ అడుగు కోసి మెడకు తొడిగితే గోక్కోదు. మెడ గొలుసు లాగితే కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఛాతీ మీదుగా కట్టండి. మీ డాక్టర్ గారిని అడిగితే దాని రక్తం నుంచే సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవం) తీసి చుక్కలుగా ఇస్తారు, కరగడాన్ని అది కొంత అడ్డుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి గంటకో రెండు గంటలకో వేయాలి. యాంటీబయాటిక్ చుక్కలు కూడా రాయించుకోండి. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు ఆగండి.

మీకు దగ్గర్లో గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి కంటి ఆపరేషన్ చేసేవారు ఉన్నారో లేదో, పొర ఉందో లేదో కనుక్కోండి. పొర లేదంటే దాని కోసం ఆగకుండా కంజంక్టైవాతోనే కానివ్వమని అడగండి. ఆ చుక్కల సీసా కూడా వెంట తీసుకెళ్లండి.