మెయిన్ ఆఫ్ చేసినా లిఫ్ట్ ఎందుకు కదిలింది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: సార్, లిఫ్టుల మెయింటెనెన్స్‌లో హెల్పర్‌గా చేరి ఏడాదిన్నర అయింది. మొన్న మెషిన్ రూమ్‌లో మా సీనియర్ మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, టెస్టర్ పెట్టి చూసి, "కరెంటు లేదు, పని మొదలుపెట్టు" అన్నారు. నేను బ్రేక్ దగ్గర దుమ్ము తుడుస్తున్నాను. కొద్ది సెకన్లకే ఏఆర్‌డీ (కరెంటు పోతే బ్యాటరీతో లిఫ్ట్‌ని నడిపే ఆటోమేటిక్ రెస్క్యూ డివైస్) పెట్టెలో టక్కుమని శబ్దం వచ్చి మోటారు తిరిగింది. చెయ్యి లాగేసుకున్నాను కాబట్టి దెబ్బ తగల్లేదు. అప్పటి నుంచి మెషిన్ రూమ్‌లోకి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. మెయిన్ ఆఫ్‌లో ఉండగా అది ఎలా కదిలింది? బ్యాటరీని సరిగ్గా ఆపడం ఎలా?

జవాబు: బాబూ, ముందు నీ చెయ్యి క్షేమంగా ఉన్నందుకు సంతోషం. నీ ఉత్తరం చదువుతుంటే నాకు నా ఇరవై నాలుగేళ్ల వయసు గుర్తొచ్చింది. నేనూ మెయిన్ ఒక్కటే ఆఫ్ చేసి, షీవ్ (రోపులు తిరిగే గాళ్ల చక్రం) మీద రోపులను గుడ్డతో తుడుస్తున్నాను. షీవ్ మెల్లగా తిరిగింది. గుడ్డ రోపుకీ గాడికీ మధ్య ఇరుక్కుని లోపలికి పోయింది. వేళ్లు వదిలేశాను కాబట్టి మిగిలాయి. ఆ రోజు అక్కడ ఎవరూ తప్పు బటన్ నొక్కలేదు, ఏ పరికరమూ చెడిపోలేదు. ఏఆర్‌డీ తన పని తాను చేసింది. నీ దగ్గర జరిగిందీ అదే.

ఏఆర్‌డీ ఎందుకు పెడతారో తెలుసు కదా. కరెంటు పోయినప్పుడు లోపల ఇరుక్కున్నవాళ్లను దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరవడానికి. అది ఎప్పుడూ లైన్‌ని గమనిస్తూ ఉంటుంది. ఫేజ్‌లు పోగానే కొన్ని సెకన్లు ఆగి, బ్రేక్ తెరిచి, క్యాబిన్‌ని తేలికగా కదిలే దిక్కుకు నెమ్మదిగా నడిపిస్తుంది. ఇప్పుడు దాని వైపు నుంచి ఆలోచించు. వీధిలో కరెంటు పోయినా, నువ్వు మెయిన్ స్విచ్ దించినా దానికి కనిపించేది ఒక్కటే: ఫేజ్‌లు లేవు. అందుకే మనం "ఆపేశాం" అనుకున్న క్షణమే దానికి "మొదలుపెట్టు" అన్న సంకేతం. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా నీకే అర్థమవుతుంది.

దీన్ని ఆపడానికి ఒక ఏర్పాటు ఉంది. మెయిన్ స్విచ్‌కి పక్కనే ఒక ఆక్సిలరీ కాంటాక్ట్ (హ్యాండిల్‌తో పాటే కదిలే చిన్న తోడు స్విచ్) పెట్టి, దాన్ని ఏఆర్‌డీకి కలుపుతారు. హ్యాండిల్ దించితే ఆ కాంటాక్ట్ కూడా తెరుచుకుని, "ఇది పవర్ కట్ కాదు, మనిషి ఆపాడు" అని ఏఆర్‌డీకి తెలుస్తుంది. అమెరికా జాతీయ విద్యుత్ కోడ్‌లోని 620.91 ఈ కాంటాక్ట్‌ని తప్పనిసరి చేసింది. అది కేవలం స్ప్రింగ్ బలం మీద ఆధారపడకూడదనీ, హ్యాండిల్ కదలికతోనే యాంత్రికంగా తెరుచుకోవాలనీ కూడా చెప్పింది. స్ప్రింగ్ విరిగినా, కాంటాక్ట్ అతుక్కుపోయినా ప్రాణం పోతుంది కాబట్టే అంత కచ్చితంగా రాశారు. మీ లిఫ్ట్‌లో మెయిన్ దించగానే ఏఆర్‌డీ లేచిందంటే ఆ కాంటాక్ట్ పెట్టి ఉండరు, లేదా వైర్ వేసి ఉండరు, లేదా ఎవరో పాత బ్రేక్‌డౌన్‌లో షార్ట్ చేసి మరిచిపోయారు. మూడోదాన్ని నేను చాలాసార్లు చూశాను. దాన్ని రిపోర్టులో రాయించు. నోటితో చెప్పి వదిలేయకు.

అయితే ఆ కాంటాక్ట్ ఉన్నా నేను దాన్ని నమ్మి చెయ్యి పెట్టను. అది ఒక సంకేతం మాత్రమే, బ్యాటరీని విడదీయదు. లిఫ్ట్‌ని ఇన్‌స్పెక్షన్‌లో (మెకానిక్ మాత్రమే నడిపే తనిఖీ మోడ్‌లో) పెట్టడమూ అంతే. వైరింగ్ సరిగ్గా ఉంటే ఇన్‌స్పెక్షన్‌లో ఏఆర్‌డీ లేవకూడదు. కానీ "లేవకూడదు" వేరు, "లేవలేదు" వేరు.

నేను చేసే వరుస చెప్తాను. క్యాబిన్‌లో ఎవరూ లేరని చూసుకుని, తలుపులు మూసి, లిఫ్ట్‌ని ఇన్‌స్పెక్షన్‌లో పెడతాను. తర్వాత మెయిన్ జోలికి వెళ్లను, ముందు ఏఆర్‌డీ దగ్గరికే వెళ్తాను. దాని స్విచ్ ఆఫ్ చేసి, బ్యాటరీ ఎంసీబీ దించుతాను. అప్పుడు మెయిన్ దించి, తాళం వేసి, నా పేరూ టైమూ రాసిన ట్యాగ్ కట్టి, తాళంచెవి జేబులో వేసుకుంటాను. తాళంచెవి హెల్పర్‌కి ఇవ్వను, వాచ్‌మన్‌కీ ఇవ్వను. ఇద్దరు పనిచేస్తుంటే రెండు తాళాలు. ఆ తర్వాత షీవ్‌కి దూరంగా నిలబడి రెండు నిమిషాలు చూస్తూ ఉంటాను. నీ వయసులో ఆ రెండు నిమిషాలు నాకు వృథాగా అనిపించేవి. ఏఆర్‌డీ లేచేదైతే ఆ లోపే లేస్తుంది. ఏ కదలికా లేదని తేలాకే బ్యాటరీ ప్లగ్ విప్పి, రెండు కొనలకూ ఇన్సులేషన్ టేపు చుట్టి పక్కన పెడతాను.

ఇక నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ టెస్టర్ మాట. నియాన్ టెస్టర్ బ్యాటరీని చూపించదు, బాబూ. దాని బల్బు వెలగాలంటే వోల్టేజీ దానికి తగినంత ఉండాలి, కరెంటు మన ఒంటి మీదుగా నేలకు పోవాలి. ఏఆర్‌డీ బ్యాటరీలు 12 వోల్టులవి నాలుగో ఐదో వరుసగా కలిపి ఉంటాయి, అంటే 48 లేదా 60 వోల్టులు. ఆ బ్యాటరీ బ్యాంకుకి సాధారణంగా నేలతో సంబంధం ఉండదు. అందుకే టెస్టర్ చీకటిగానే ఉంటుంది, బ్యాటరీ మాత్రం నిండుగా ఉంటుంది. ముట్టుకోకుండానే కూతపెట్టే పెన్ను టెస్టర్‌కి కూడా డీసీ తెలియదు. మల్టీమీటర్ ఏసీ మీద ఉంచి డీసీ కొలిచినా తప్పు అంకే వస్తుంది. కాబట్టి మీటర్‌ని డీసీలో పెట్టు. ముందు ఒక మంచి బ్యాటరీ మీద చూపించుకో, అంకె రావాలి. తర్వాత ఏఆర్‌డీ నుంచి కంట్రోలర్‌కి వెళ్లే చోట చూడు, సున్నా రావాలి. ఆ వెంటనే మళ్లీ ఆ మంచి బ్యాటరీ మీద పెట్టు, అంకె మళ్లీ రావాలి. మధ్యలో ప్రోబ్ వైరు తెగిపోయి ఉంటే సున్నా అబద్ధం చెప్తుంది, ఆ చివరి కొలతే దాన్ని పట్టిస్తుంది. ఇదే వరుస ఏసీలో పెట్టి మూడు ఫేజ్‌ల మీదా చెయ్యి. అప్పుడు చూపించుకోవడానికి బ్యాటరీ పనికిరాదు, పని జరుగుతున్న ఏసీ పాయింట్ ఉండాలి. బ్యాటరీ 60 వోల్టులే కదా అని ఏఆర్‌డీ అవుట్‌పుట్‌ని తేలికగా తీసుకోకు. చాలా ఏఆర్‌డీల్లో ఇన్వర్టర్ దాన్ని 200 వోల్టులకు పైకి ఎక్కిస్తుంది.

డ్రైవ్ (మోటారు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) సంగతి ఇంకొకటి. 415 వోల్టుల త్రీఫేజ్ లైను డ్రైవ్‌లో డీసీగా మారితే దాదాపు 585 వోల్టులు అవుతుంది. అది కెపాసిటర్లలో నిలవ ఉంటుంది, మెయిన్ దించగానే పోదు. డ్రైవ్ మూత మీద ఎన్ని నిమిషాలు ఆగాలో రాసి ఉంటుంది, అంతసేపు ఆగు. చార్జ్ లైటు ఆరిపోయినా దాన్ని నమ్మకుండా డీసీ బస్ ప్లస్, మైనస్ మధ్య కొలిచి చూడు. ఆ వోల్టేజీకి తగిన మీటరూ ప్రోబ్‌లూ లేకపోతే మూత తెరవకు.

విద్యుత్తు మొత్తం తీసేశాక కూడా మిగిలేది బరువు. కౌంటర్‌వెయిట్‌ని (రోపు రెండో కొనకు ఉండే ఎదురు బరువుని) క్యాబిన్ బరువుకి సగం లోడు దాకా కలిపి తూచి పెడతారు కాబట్టి, ఖాళీ క్యాబిన్ కన్నా కౌంటర్‌వెయిటే ఎక్కువ బరువు. బ్రేక్ వదిలితే ఖాళీ క్యాబిన్ పైకి పోతుంది. మెషిన్ రూమ్ లేని లిఫ్టుల్లో బ్రేక్‌ని వదలడానికే విడిగా ఒక బ్యాటరీ ఉంటుంది. ఏఆర్‌డీ ప్లగ్ తీశాం కదా అని దాన్ని మరిచిపోవద్దు. పర్మనెంట్ మాగ్నెట్ మోటారైతే బరువుతో తిరిగినప్పుడు అదే జనరేటరై టెర్మినళ్ల మీద వోల్టేజీ పుట్టిస్తుంది. బ్రేక్ విప్పే పనైతే కౌంటర్‌వెయిట్‌ని బఫర్ (షాఫ్ట్ అడుగున ఉండే ఆపుడు దిమ్మ) మీదకు దించి, క్యాబిన్‌ని కూడా కదలకుండా కట్టాకే మొదలుపెట్టాలి. అది సీనియర్ చేయాల్సిన పని, నువ్వు పక్కన ఉండి నేర్చుకో. హైడ్రాలిక్ లిఫ్టుల్లో బ్యాటరీ ఒక వాల్వ్‌ని తెరిచి క్యాబిన్‌ని కిందికి దించుతుంది. పిట్‌లో (షాఫ్ట్ అడుగు గుంటలో) ఉన్నవాడికి అంతకన్నా భయంకరమైనది లేదు. బ్యాటరీ విడదీసి, క్యాబిన్ కింద ఆధారం నిలబెట్టకుండా ఆ పిట్‌లోకి దిగవద్దు.

పని అయ్యాక వరుస తిరగబడాలి. షాఫ్ట్‌లో, మెషిన్ దగ్గర ఎవరూ లేరని పిలిచి చూసుకుని ముందు మెయిన్ ఎక్కించు, తర్వాతే బ్యాటరీ. బ్యాటరీ ముందు ఎక్కిస్తే ఏఆర్‌డీకి ఫేజ్‌లు కనపడక మళ్లీ లేస్తుంది.

మీ సీనియర్‌తో ఇదంతా ఎలా చెప్పాలా అని నువ్వు వెనకాడుతుంటావని నాకు తెలుసు. "అన్నా, ఏఆర్‌డీ కూడా ఆపేసి వస్తాను, రెండు నిమిషాలు ఆగండి" అను. కోప్పడితే పడనీ.

ప్రశ్న: నేను మా నివాసుల కమిటీలో ఉన్నాను. టెక్నీషియన్ మెయిన్ ఆఫ్ చేసి పని చేస్తుంటే క్యాబిన్‌లో లైటు వెలుగుతూనే ఉంది. "దాని దారి వేరు" అన్నాడు. నమ్మవచ్చా?

జవాబు: నమ్మవచ్చమ్మా. క్యాబిన్ లైటు, ఫ్యాన్ లైన్లను మెయిన్‌తో సంబంధం లేకుండా విడిగా పెడతారు, లోపల మనిషి ఇరుక్కుంటే చీకట్లో ఉండకూడదని. ఆ లైను కూడా పోతే చిన్న బ్యాటరీతో వెలిగే ఎమర్జెన్సీ లైటు ఉంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 81-20 అది కనీసం గంటసేపు వెలగాలంటుంది. అలారానికీ అలాంటి బ్యాటరీయే. ఇవి క్యాబిన్‌ని కదిలించవు.

మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. "మెయిన్ దించితే మా ఏఆర్‌డీ లేస్తుందా?" అని అడగండి. లిఫ్ట్ ఖాళీ చేయించి, షాఫ్ట్‌లో, మెషిన్ దగ్గర ఎవరూ లేకుండా మీ ముందే మెయిన్ దించి చూపించమనండి. లేస్తే ఆ కాంటాక్ట్ లేదనో, పనిచేయడం లేదనో అర్థం. ఖర్చు ఎంతైనా దాన్ని బాగుచేయించండి. మీ బిల్డింగుకి వచ్చే ప్రతి మెకానిక్ ప్రాణం దాని మీద ఉంది. ఇంకొక మాట. మెయిన్‌కి తాళం వేసి ఉంటే, లిఫ్ట్ త్వరగా కావాలని ఎవరూ దాన్ని తీయించకుండా చూడండి.

ప్రశ్న: ఏఆర్‌డీ బ్యాటరీలు మార్చేటప్పుడు స్పానర్ తగిలి పెద్ద మెరుపు వచ్చింది. 12 వోల్టుల బ్యాటరీకి అంత బలం ఎక్కడిది?

జవాబు: వోల్టేజీ తక్కువే, కానీ షార్ట్ అయితే ఆ బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది. స్పానర్ అంచు కరుగుతుంది, ఉంగరం ఉంటే వేలికి కాలి అంటుకుంటుంది. ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. ఇన్సులేషన్ ఉన్న స్పానర్ వాడండి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. లోడు ఉండగా, చార్జింగ్ అవుతుండగా వైరు లాగవద్దు. డీసీకి ఏసీలాగా సెకనుకు వందసార్లు సున్నాకి వచ్చే గుణం లేదు కాబట్టి ఆర్క్ తనంతట తాను ఆరదు. బ్యాటరీ వైపు ఎంసీబీ కూడా డీసీకి చేసినదే ఉండాలి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వకు పేలుతుంది. పెట్టె తలుపు కాసేపు తెరిచి ఉంచి మొదలుపెట్టండి. ముందు వరుస మధ్యలో ఉన్న లింకు తీసేస్తే 60 వోల్టుల బ్యాంకు రెండు చిన్న ముక్కలవుతుంది. తీసిన ప్రతి కొననూ అప్పటికప్పుడే టేపుతో కప్పండి, అన్నీ తీశాక కప్పుదామని ఆగవద్దు.