పసుపుపచ్చ కార్డు నుంచి మామిడి తొక్కు దాకా

ప్రశ్న: నర్సింగ్ చదివిన మా అమ్మాయి ఏడాది సేవ కోసం ఉగాండా వెళ్తోంది. ఇంకా రెండు నెలల టైముంది. టీకాలు, మందులు ఎప్పుడు మొదలుపెట్టాలి? — ఓ తల్లి, దేవరకొండ

జవాబు: ఈ వారమే మొదలుపెట్టండి. ముందుగా ఎల్లో ఫీవర్ టీకా. ఇది ఊళ్లోని ఆసుపత్రుల్లో వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మీకు దగ్గరిది హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. ఒక్కో సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, తెరిచాక కొన్ని గంటల్లోనే వాడేయాలి. అందుకే ముందే వాకబు చేసి, వేసే రోజు కనుక్కుని బయల్దేరండి. ఒరిజినల్ పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

టీకా వేశాక పసుపుపచ్చ కార్డు ఇస్తారు. అక్కడే నిలబడి చదవండి. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది. కార్డు మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. బ్యాచ్ నంబరు, సంతకం, ముద్ర పడ్డాయో లేదో చూసుకోండి. వేసిన పది రోజులకు గానీ కార్డు చెల్లదు. ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. కార్డు లేకుండా ఉగాండా నుంచి మన దేశానికి తిరిగొస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మన దగ్గర ఆ జబ్బు లేదు గానీ దాన్ని మోసే ఏడిస్ దోమ ఉంది, అందుకే అంత పట్టుదల.

మలేరియాకు టీకా మీద ఆధారపడొద్దు, గోళీలు వేసుకోవాల్సిందే. పాత క్లోరోక్విన్ అక్కడ పనిచేయదు. డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే రోజుకు 100 మిల్లీగ్రాములది ఒకటి. బయల్దేరడానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 28 రోజులు వాడాలి. ఏడాదికి లెక్కేస్తే 395 గోళీలు. ఇక్కడే కొనండి, స్ట్రిప్పుల్లోంచి తీయకుండా చీటీతో సహా చేతి సంచిలో పెట్టండి. అన్నం తిన్నాక గ్లాసెడు నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకూడదు. లేదంటే గొంతు కింద పుండు పడుతుంది. పాలతో వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు. ఎండకు చర్మం కందుతుంది, పొడుగు చేతుల చొక్కాలు పెట్టండి. మెఫ్లోక్విన్ అయితే వారానికొకటే, కానీ పీడకలలు, దిగులు రావచ్చు. మూర్ఛ, డిప్రెషన్ ఉన్నవాళ్లకు తగదు.

చాలామంది ఇంటికి చేరగానే గోళీలు ఆపేస్తారు. కాలేయంలో దాగిన క్రిములు ఆ తర్వాతే రక్తంలోకి వస్తాయి, ఆ 28 రోజులు వాటి కోసమే. తిరిగొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ‘ఆఫ్రికా నుంచి వచ్చాను’ అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పమనండి. ఆరోజే రక్తపరీక్ష చేయించాలి.

ప్రశ్న: వాలంటీర్‌గా పంపిస్తానని ఓ ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. విజిట్ వీసా చాలంటున్నాడు. — నాగర్‌కర్నూల్ యువకుడు

జవాబు: ఇవ్వొద్దు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ ఎవరి దగ్గరా రుసుము తీసుకోదు. విజిట్ వీసా మీద సేవ చేసినా చాలా దేశాల్లో నేరమే. టాంజానియాలో వాలంటీర్లకు క్లాస్-సి రెసిడెన్స్ పర్మిట్ కావాలి. దాని కోసం పిలిచిన సంస్థే పూనుకోవాలి.

ప్రశ్న: టాంజానియాలోని అరుషా దగ్గర బడిలో సైన్స్ చెప్పడానికి వెళ్తున్నాను. నీళ్లలో ఫ్లోరైడ్ ఉందట. కాచి తాగితే చాలా? — బీఎస్సీ పట్టభద్రుడు, మర్రిగూడ

జవాబు: చాలదు. కాచితే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ కాదు. మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. అక్కడి అగ్నిపర్వత శిలల నుంచి అది నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికే కాదు, వంటకూ వాడొద్దు. వాన నీళ్లు పట్టుకోవడం మేలైన దారి.

మీ జిల్లా పేరు అక్కడ ముందే వినబడుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన ‘నల్లగొండ టెక్నిక్’ను టాంజానియాలోనూ వాడి చూశారు. బకెట్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, ముందు వేగంగా, తర్వాత మెల్లగా కలుపుతారు. ఓ గంట కదపకుండా ఉంచితే తేట పైన నిలుస్తుంది. మోతాదు నీళ్లలోని ఫ్లోరైడును, క్షారగుణాన్ని బట్టి మారుతుంది, కాబట్టి కొలవకుండా వేయొద్దు. పటిక ఎక్కువైతే నీళ్లు పులిసి అల్యూమినియం మిగులుతుంది. బకెట్ వంచితే మడ్డి కదులుతుంది, అడుగుకు కాస్త పైన కుళాయి పెట్టించండి. ఫ్లోరైడ్ మరీ ఎక్కువుంటే ఈ పద్ధతి 1.5 దాకా దించలేదు. అక్కడ పశువుల ఎముకల బొగ్గుతో వడకట్టే ఫిల్టర్లూ ఉంటాయి, అభ్యంతరమైతే ముందే అడగండి.

ప్రశ్న: కెన్యాకు తొక్కు తీసుకెళ్లొచ్చా? — వనపర్తి పాఠకురాలు

జవాబు: పెద్ద పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే ఆపేస్తారు. వేడి తగ్గాక డబ్బాలో నింపి, పైన రెండు వేళ్ల జాగా వదలండి, లేకుంటే నూనె కారి బట్టలు పాడవుతాయి. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు మాత్రం వద్దు, కెన్యా 2017 ఆగస్టు 28 నుంచి వాటిని నిషేధించింది. గుడ్డ సంచులు వాడండి. అన్నం దొరకని పూట ఉగాలి దొరుకుతుంది, అది గట్టిగా కలిపిన మక్క గట్కే. మన తొక్కు దానికి బాగా కుదురుతుంది. కరెంటు అక్కడ 240 వోల్టులు, మన 230కి దగ్గరే, కానీ ప్లగ్గుకు మూడు చదరపు పిన్నులుంటాయి. రెండు అడాప్టర్లు ఇక్కడే కొనుక్కోండి.