వాళ్లు మీ పని చూడనే లేదు

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్లు. ఎంతో ఆశపడిన ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. చెప్పిన టైముకి వెళ్తే మూడు గంటలు కూర్చోబెట్టారు. లోపల ఇద్దరున్నారు. ఒకాయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. రెండో ఆయన నా రెజ్యూమె అప్పుడే తెరిచి, ‘పెళ్లెప్పుడు? అయ్యాక మానేస్తారా?’ అన్నారు. పని గురించి ఒక్క ప్రశ్నా లేదు. తర్వాత ప్రాజెక్టు చేసి పంపమంటే వారమంతా రాత్రిళ్లు కూర్చుని చేశాను. నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు. ‘నువ్వే ఏదో తేడాగా మాట్లాడి ఉంటావు’ అంటున్నారు నాన్న. ఇంకో ఇంటర్వ్యూ అంటేనే వణుకొస్తోంది.

జవాబు: మీ ఉత్తరం చదివి బాధేసింది, కోపమూ వచ్చింది. పని గురించి అడగని వాళ్లకు, మీరు పనికొస్తారో లేదో ఎలా తెలుస్తుంది? ఓదార్పు కోసం అంటున్న మాట కాదిది. ఉద్యోగులను ఎంచుకునే పద్ధతులపై అంతకుముందు జరిగిన పరిశోధనల ఫలితాలను 2022లో పాల్ సాకెట్ అనే మనస్తత్వవేత్త బృందం మళ్లీ లెక్కగట్టింది. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే అనుకున్న కొలతలతో మార్కులు వేసే ఇంటర్వ్యూలు పనితీరును అంచనా వేయడంలో అన్నిటికన్నా ముందు నిలిచాయి. నోటికొచ్చింది అడిగేవి చాలా వెనకబడ్డాయి. మీకు జరిగింది ఆ రెండో రకం కన్నా అధ్వానం.

పెళ్లి ప్రశ్నను మర్యాదలేనితనమని వదిలేయకండి. ఉద్యోగంలో చేరే దగ్గరే ఆడ, మగ తేడా చూపకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958 నాటి 111వ ఒప్పందం చెబుతోంది. మళ్లీ ఎవరైనా అడిగితే, ‘ఈ ఉద్యోగంలో ఏం చేయాలనుకుంటున్నానో చెప్తానండీ. పెళ్లి నా సొంత విషయం’ అనండి. గొంతు పెంచక్కర్లేదు, నవ్వి దాటేయక్కర్లేదు.

ప్రాజెక్టు గురించి ఒకే ఒక్క మెయిల్ పెట్టండి: ఫలానా తేదీన పంపాను, ఎంపిక ఏ దశలో ఉందో వారంలోగా చెప్పండి, నన్ను తీసుకోకపోతే నా పనిని వాడుకోవద్దు. దాని కాపీ దాచుకోండి. ఆపైన ఫోన్లు చేయొద్దు. ఇకముందు ఎవరు ప్రాజెక్టు ఇచ్చినా, ఎన్ని గంటల పనో, చేశాక దాన్ని ఏం చేస్తారో ముందే అడగండి. రోజులకొద్దీ పట్టే పనైతే డబ్బు అడగడంలో తప్పు లేదు.

మీకు అందరికన్నా ఎక్కువ గుచ్చుకున్నది నాన్నగారి మాట అనిపిస్తోంది. అసలు ఆయనకు అంతా చెప్పారా? పెళ్లి ప్రశ్న, మూడు గంటల ఎదురుచూపు కూడా? చాలామంది అమ్మాయిలు ఇలాంటివి ఇంట్లో చెప్పకుండా మింగేస్తారు. సగమే విన్న తండ్రికి ఉద్యోగం రాలేదన్నదే కనిపిస్తుంది. ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, ‘సలహా వద్దు నాన్నా, ముందు మొత్తం విను’ అని చెప్పండి. ఆ మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో కూడా చెప్పండి. అన్నీ విన్నాక కూడా ఆయన మారకపోతే బాధే. అప్పుడు ఈ విషయం మాట్లాడుకోవడానికి అమ్మో, స్నేహితురాలో, ఇంకొకరు ఉండాలి.

వణుకు సంగతి: అంతగా ఆశ పెట్టుకోని ఉద్యోగాలకు ముందు వెళ్లండి. నమ్మకమైన స్నేహితురాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ పెళ్లి ప్రశ్నతో సహా అడిగించుకుని జవాబు పైకి చెప్పండి. నిద్ర పట్టకపోవడం, అప్లికేషన్లే పెట్టలేకపోవడం లాంటివి వారాల తరబడి సాగితే కౌన్సెలర్‌ను కలవండి.

ఒకవేళ వాళ్లే రేపు పిలిచి ఉద్యోగమిస్తామంటే, అక్కడికక్కడే సరే అనకండి. ఎవరి కింద పనిచేయాలో ఆ మనిషితో మాట్లాడాలని అడగండి. మీ పై అధికారి ఆ ఇద్దరిలో ఒకరేనని తేలితే, నేనైతే వద్దనే చెబుతాను.