బతికుండగానే రైఫిల్ కూతురికి ఇవ్వొచ్చా?

ప్రశ్న: నాకు 80 ఏళ్లు. ఉండేది మలక్‌పేటలో. వయసులో ఉండగా అమ్రాబాద్ అడవుల్లో వేటాడేవాణ్ని, వన్యప్రాణి చట్టం వచ్చాక మానేశాను. అప్పటి పాయింట్ 315 బోల్ట్ యాక్షన్ రైఫిల్ మాత్రం ఇప్పటికీ ఉంది. లైసెన్సు రెన్యువల్ చేయిస్తూనే ఉన్నాను. ప్రతి ఆదివారం బోల్ట్ (తూటాను గొట్టంలోకి నెట్టి మూసే భాగం) తీసి తుడిచి నూనె రాస్తాను. అమెరికాలో ఉన్న అబ్బాయి, "పాత తుపాకీకి లైసెన్సెందుకు? బోల్ట్ తీసేసి గోడకు తగిలించు" అంటాడు. గచ్చిబౌలిలో ఉండే అమ్మాయికి ఇవ్వాలని నా కోరిక. ఈలోపు తోటలో తన చేత ఒకసారి పేల్పించవచ్చా?

జవాబు: బోల్ట్ చప్పుడు గురించి మీరు రాసిన అర పేజీ చోటు చాలక తీసేశాం, కానీ నేను రెండుసార్లు చదివాను.

రైఫిల్ ఇవ్వొచ్చు. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం ఇందుకే ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా దగ్గరున్నా, బతికుండగానే వారసులకు ఇవ్వొచ్చు. మీకు రెండూ వర్తిస్తాయి. అయితే మీ లైసెన్సు అమ్మాయికి రాదు, తన పేరున వేరే తీసుకోవాలి. మీరు హైదరాబాద్ కమిషనరేట్ కిందికి వస్తారు కదా అని దరఖాస్తు అక్కడ ఇవ్వకండి. తను ఉండేది గచ్చిబౌలి కాబట్టి సైబరాబాద్ కమిషనర్‌కు పెట్టాలి. అబ్బాయి కూడా వారసుడే కాబట్టి, తన నుంచి అభ్యంతరం లేదని అఫిడవిట్ ముందే తెప్పించుకోండి. ఎంక్వైరీ మధ్యలో అమెరికా నుంచి కాగితం రావాలంటే అదో టెన్షన్. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించకూడదు, వారసత్వంగా వచ్చినవైనా సరే. అమ్మాయికి ఇదే మొదటిదైతే ఇబ్బంది లేదు.

అబ్బాయి సలహా మాత్రం అసలు వినకండి. పాతకాలపు ఆయుధాలకు ఆ చట్టం సెక్షన్ 45లో మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది రిపేరు చేసినా పేలని వాటికే. వారం వారం నూనె పట్టించే మీ రైఫిల్ నిక్షేపంగా పేలుతుంది. బోల్ట్ ఊడదీసినా లాభం లేదు, చట్టం దృష్టిలో ఆయుధం విడిభాగాలు కూడా ఆయుధాలే. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు.

తోటలో పేల్పించే ఆలోచన మానుకోండి. లైసెన్సు లేనివాళ్లు మీ సమక్షంలోనో, మీ రాతపూర్వక అనుమతితోనో రిపేరుకు, రెన్యువల్‌కు, లేదా మీ వాడకం కోసం తుపాకీ మోసుకెళ్లవచ్చు. అంతవరకే. ముచ్చట పడి కాల్చడం అందులోకి రాదు. తూటాల సంగతీ అంతే, అమ్మాయి లైసెన్సు వచ్చేదాకా ఒక్కటి కూడా వాళ్లింట్లో ఉండకూడదు.

ఇంకో మాట, ఏమీ అనుకోకండి. ఈ పని పూర్తికాకముందే మీకేదైనా జరిగితే, ఇంట్లోవాళ్లు ఆలస్యం చేయకుండా రైఫిల్‌ను, తూటాలను దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఈ విషయం అమ్మాయికి ఈ ఆదివారమే చెప్పి, లైసెన్సు పుస్తకం ఎక్కడుందో కూడా చూపించండి.