సమాధానం: అర్ధరాత్రి హీటర్ ఆగిపోవడానికి కారణం గ్యాస్ కాదు, బ్యాటరీ

అమెరికాలోని గ్రాండ్ కెన్యన్ మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో మీ ఆర్‌వీ (లోపలే వండుకుని పడుకునే ప్రయాణ వాహనం) ఆపుకున్నప్పుడు, తెల్లవారుజామున 3 గంటలకు దాని హీటర్ నుంచి చల్లగాలి వచ్చిందని, సిలిండర్లో గ్యాస్ మాత్రం సగానికి పైగా ఉందని రాశారు. పిల్లలతో ఆ చలిలో ఎంత అవస్థ పడి ఉంటారో ఊహించగలను.

హీటర్ గ్యాస్‌తో మండినా దాని ఫ్యాను తిరిగేది 12 వోల్టుల బ్యాటరీతోనే. బ్యాటరీ నీరసిస్తే ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. గాలి చాలకపోతే లోపలి చిన్న రేకు స్విచ్ కలవదు, గ్యాస్ వెలగదు. ఆ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ ఉండదు కదా!

రాత్రి ఇన్వర్టర్ మీద రైస్ కుక్కర్ పెట్టామన్నారు. అసలు దెబ్బ అక్కడే తగిలిందండీ. 500 వాట్ల కుక్కర్ బ్యాటరీ నుంచి 40 ఆంపియర్లకు పైగా లాగుతుంది. అరగంటలో 20 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటు కొలత) పోయినట్టే. మామూలు 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో ధైర్యంగా వాడుకోగలిగింది సగమే. ఆ 50లో మిగిలిన 30తో తెల్లవార్లూ హీటర్ నడవడం కష్టం.

అన్నం గ్యాస్ స్టవ్ మీదే వండండి. అనుమతించిన వేళల్లో జనరేటర్‌తో బ్యాటరీ నింపుకోండి. పడుకునే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి: 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.1కి వస్తే సగం ఖాళీ. హీటర్ థర్మోస్టాట్ (ఎంత వేడి కావాలో పెట్టుకునేది) 60 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచి రెండు దుప్పట్లు కప్పుకోండి.

ఒక్క విషయం బతిమాలి చెబుతున్నాను. హీటర్ ఆగిందని స్టవ్ వెలిగించుకుని మాత్రం పడుకోకండి. స్టవ్ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీసే విషవాయువు, దానికి వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో ఈ రోజే బటన్ నొక్కి చూడండి.